డ్రమ్ దగ్గర తెగిన తాడు: స్టీల్ నుంచి సింథటిక్‌కు మారిన ఒక వించ్ కేసు

వాహనం నిచ్చెన ఛాసిస్ మీద కట్టిన ఫోర్ వీల్ డ్రైవ్. సామాను, నిండు ట్యాంకు, ఇద్దరు మనుషులతో తూకం 2,650 కిలోలు. ముందు బంపర్‌లో 12 వోల్టుల ఎలక్ట్రిక్ వించ్ ఉంది, అంటే డ్రమ్ మీద తాడు చుట్టుకుంటూ దిగబడ్డ బండిని లాగే యంత్రం. గేర్లు ప్లానెటరీ రకం, బ్రేక్ ఉన్నది తాడు చుట్టే డ్రమ్ లోపలే. రేటింగ్ 9,500 పౌండ్లు, అంటే 4,309 కిలోలు. డ్రమ్ వ్యాసం 64 మి.మీ., రెండు అంచుల మధ్య వెడల్పు సుమారు 230 మి.మీ. వించ్‌తో పాటు వచ్చింది 8 మి.మీ. మందం, 28 మీటర్ల పొడవున్న 7×19 (ఒక్కోదాంట్లో 19 తీగలున్న ఏడు పేటలు) గాల్వనైజ్డ్ స్టీల్ రోప్. దాన్ని తీసేసి అంతే పొడవున్న 10 మి.మీ. సింథటిక్ తాడు ఎక్కించారు. ఇది డైనీమా రకం నారతో 12 పేటలుగా అల్లిన తాడు, కనీస తెగే బలం 8,000 కిలోలు. డ్రమ్ వైపు చివర 2.4 మీటర్ల మేర వేడి తగలకుండా తొడుగు ఉంది. పాత రోలర్ ఫెయిర్‌లీడ్‌ను, అంటే తాడు బంపర్ నుంచి బయటికి వచ్చే చోట ఉండే రోలర్ల చట్రాన్ని, అలాగే ఉంచారు. పద్నాలుగు నెలలు వాడాక తాడు తెగింది.

తెగిన తాడును బల్ల మీద పరిచి చూస్తే మూడు చోట్ల మూడు రకాల దెబ్బలు కనిపించాయి. వాటిలో తెగడానికి కారణమైంది ఒక్కటే. మిగతా రెండూ తమ వంతు కోసం ఎదురుచూస్తున్నాయి.

తెగినప్పటి లెక్క

చక్రాల లోతు బురద, దాదాపు 5 డిగ్రీల ఎత్తు. 24 మీటర్ల తాడు బయటికి లాగి, చెట్టుకు వెడల్పాటి పట్టీ చుట్టి, ఒంటి తాడుతోనే లాగారు. స్నాచ్ బ్లాక్ (తాడును వెనక్కి తిప్పి లాగుడును రెండింతలు చేసే పుల్లీ) వాడలేదు. సైనిక వాహనాల రికవరీలో చాలాకాలంగా వాడుతున్న మోటు లెక్క ఒకటుంది. చక్రాల లోతు దిగబడితే బండి బరువంత లాగుడు కావాలి. మడ్‌గార్డుల దాకా దిగబడితే రెండింతలు, క్యాబిన్ దాకా అయితే మూడింతలు. ఎత్తు ఎక్కాల్సి ఉంటే ప్రతి డిగ్రీకి బరువులో అరవయ్యో వంతు కలపాలి. ఆ ప్రకారం ఇక్కడ 2,650కి మరో 220 కలిపి సుమారు 2,870 కిలోలు.

మోటారు ఆగిపోలేదు. జర్కు ఇవ్వలేదు, చక్రాలు తిప్పలేదు. తాడు నెమ్మదిగా బిగుస్తూ, డ్రమ్‌కూ ఫెయిర్‌లీడ్‌కూ మధ్య తెగింది. ఆ క్షణంలో తాడు మొదటి వరసలో, అంటే నేరుగా డ్రమ్ మీద పడే చుట్లలో, ఉంది కాబట్టి వించ్ గట్టిగా లాగినా 4,200 కిలోలు దాటదు. కొత్తగా ఉన్నప్పుడు 8,000 కిలోలు మోయాల్సిన తాడు అందులో సగం దగ్గరే, బహుశా మూడో వంతు దగ్గరే తెగిందన్న మాట. 'ఎక్కువ లోడు పెట్టారు' అన్న వివరణ ఇక్కడ నిలబడదు. లోడు మామూలుదే, బలం ముందే పోయింది.

మనుషులెవరికీ దెబ్బ తగల్లేదు. తాడు తెగితే ఎగరకుండా దాని మధ్యలో వేసిన బరువైన డ్యాంపర్ తన పని చేసింది, లాగుడు గీతకు అటూ ఇటూ ఎవరూ లేరు. ఇక్కడే ఒక అపోహ సంగతి చెప్పుకోవాలి. సింథటిక్ తాడు తెగినా ఏమీ కాదని చాలామంది డ్యాంపర్ వేయడం మానేస్తారు. పనిచేసే లోడు దగ్గర స్టీల్ రోప్, డైనీమా తాడు రెండూ పెద్దగా సాగవు, ఒక శాతం అటూ ఇటూ అంతే. అసలు తేడా బరువులో ఉంది. 24 మీటర్ల 8 మి.మీ. స్టీల్ రోప్ ఆరు కిలోలు దాటుతుంది, అంతే పొడవు 10 మి.మీ. సింథటిక్ తాడు కిలోన్నర కూడా ఉండదు. తేలికైన తాడు తొందరగా వేగం కోల్పోతుంది. కానీ దాని చివర వేలాడే హుక్కు, షాకిల్ (పిన్నుతో మూసే ఇనుప కొంకి) బరువు మాత్రం తగ్గలేదు కదా. తాడు కాక యాంకర్ (చెట్టు లాంటి ఆధారం) వైపు పట్టీయో, షాకిల్లో తెగితే ఆ ఇనుప ముక్కే గాల్లో లేస్తుంది.

బల్ల మీద కనిపించినవి

మొదటిది తెగిన చోటు. డ్రమ్‌కు బిగించిన చివర నుంచి 4.1 మీటర్లు. అక్కడి నుంచి 5.3 మీటర్ల దాకా, తాడు డ్రమ్‌కు తగిలే వైపు మాత్రమే మెరుస్తూ, గట్టిపడి ఉంది. డైనీమా తాడు మీద మెరుపు రెండు రకాలుగా వస్తుంది, రెండూ తొలి చూపులో ఒకేలా ఉంటాయి. లోడు కింద నలిగి పోగులు అణిగితే వచ్చే మెరుపు ప్రమాదం కాదు. తాడును వేళ్ల మధ్య అటూ ఇటూ వంచితే పోగులు విడిపోయి మళ్లీ మెత్తబడుతుంది. కరిగి అతుక్కున్న మెరుపు అయితే ఎంత వంచినా గట్టిగానే ఉంటుంది. వంచిన చోట పెళుసుగా చిట్లుతుంది, గోటితో గీకితే పోగులు విడివిడిగా లేవవు. ఇక్కడ ఉన్నది రెండో రకం. 12 పేటల్లో నాలుగు ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

రెండోది, డ్రమ్ వైపు నుంచి కొలిస్తే 10 నుంచి 19 మీటర్ల మధ్య. పైన దట్టంగా నూగు, మూడు చోట్ల ఒక్కో పేటలో సగం దాకా తెగిన నూలు. కోతలన్నీ అడ్డంగా, శుభ్రంగా ఉన్నాయి. రాయి రాపిడికి తాడు పొడవునా చెదురుతుంది, అడ్డంగా తెగదు. రోలర్లను విప్పి చూస్తే కారణం దొరికింది. స్టీల్ రోప్ తిరిగిన కాలంలో రోలర్ల మీద పడ్డ గాళ్ల అంచులు బ్లేడుల్లా లేచి ఉన్నాయి. దానికి తోడు నిలువు రోలర్, అడ్డ రోలర్ కలిసే మూల దగ్గర ఖాళీ ఉంది. పక్కకు లాగినప్పుడు సింథటిక్ తాడు చదునుగా నలిగి ఆ ఖాళీలోకి దూరిన గుర్తులూ దొరికాయి.

మూడోది హుక్కు వైపు చివరి మూడు మీటర్లు. రాళ్ల మీద ఈడ్చిన మామూలు అరుగుదల. జారే తొడుగు ఒకటి ఉంది గానీ అది ఎప్పుడూ హుక్కు దగ్గరికి చేరి ముద్దగా పడి ఉండేది. తాడు రాయిని ఎక్కడ తాకుతుందో అక్కడికి జరపకపోతే తొడుగు అలంకారమే.

వీటితో పాటు అల్లిక విప్పి లోపల చూస్తే సన్నని ఇసుక పొడి రాలింది. బురదలో తడిసి, ఆరి, అలాగే చుట్టిన తాడులో ఇది మామూలే. బయటి నూగు భయపెడుతుంది గానీ నిజానికి ఆ నూగు కింది పోగులకు కొంత రక్షణ. లోపలి ఇసుక కనబడదు, లాగిన ప్రతిసారీ పోగుల మధ్య ఉప్పు కాగితంలా పనిచేస్తుంది.

వేడి ఎక్కడి నుంచి వచ్చింది

తెగడానికి పదకొండు రోజుల ముందు ఇదే బండిని 25 డిగ్రీల వాలులో 18 మీటర్లు కిందికి దింపారు. పైన యాంకర్‌కు తాడు కట్టి, వించ్‌లో తాడు వదిలే 'అవుట్' బటన్ నొక్కి వదులుతూ ఒకే దమ్ములో దింపారు. రాపిడి పోను తాడు మీద సుమారు 1,000 కిలోల లోడు ఉంటుంది. 18 మీటర్లు దిగడంలో విడుదలైన శక్తి దాదాపు 177 కిలోజౌళ్లు. ఆ శక్తి పోవడానికి ఉన్న దారి బ్రేక్ ఒక్కటే, బ్రేక్ ఉన్నది డ్రమ్ లోపల. డ్రమ్ ఆరు కిలోల ఉక్కు అనుకుంటే సగటున 60 డిగ్రీలు వేడెక్కుతుంది. మొదలే 35 డిగ్రీలు ఉంటే 95 దాటినట్టే. పైగా ఈ రకం బ్రేక్‌లో 'అవుట్' నొక్కినప్పుడు మోటారు కూడా బ్రేక్‌ను తోసుకుంటూనే తిరుగుతుంది, ఆ పనీ వేడిగానే మారుతుంది. లెక్క ముతకదే, కొంత వేడి గేర్లలోకీ గాలిలోకీ పోతుంది. కానీ బ్రేక్ ఉన్న వైపు వేడి ఈ సగటు కన్నా ఎక్కువే ఉంటుంది.

ఈ నార కరిగేది 144 నుంచి 152 డిగ్రీల మధ్య. అంతదాకా పోనక్కర్లేదు. 70 డిగ్రీలు దాటితేనే బలం గణనీయంగా తగ్గుతుంది, లోడు కింద ఉంటే మెల్లగా సాగిపోతూ ఉంటుంది. స్టీల్‌కు ఈ ఉష్ణోగ్రతలు ఒక లెక్క కాదు. అదే వించ్ మీద స్టీల్ ఉన్న రోజుల్లో ఇలాగే దింపినా ఏమీ కాకపోవడానికి కారణం అదే. ఆ అలవాటే కొత్త తాడుకూ వచ్చింది.

ఇక 4.1 మీటర్లే ఎందుకు? 64 మి.మీ. డ్రమ్ మీద 10 మి.మీ. తాడు ఒక్కో చుట్టుకు 23 సెం.మీ. తీసుకుంటుంది. ఒక వరసకు 23 చుట్లు, అంటే మొదటి వరస మొత్తం 5.3 మీటర్లు. వేడి తొడుగు ఉన్న 2.4 మీటర్లు దాదాపు పది చుట్లు. సింథటిక్ తాడుకు డ్రమ్ మీద ఎప్పుడూ మిగిలి ఉండాల్సిన కనీస చుట్లు కూడా పదే. అంటే తొడుగు కాపాడుతున్నది ఎన్నడూ బయటికి రాని భాగాన్ని! లోడు మోసే పదకొండో చుట్టు నుంచి ఇరవై మూడో చుట్టు దాకా తాడు నేరుగా డ్రమ్ లోహం మీద ఉంది. వాలు దింపడం ముగిసేసరికి డ్రమ్ మీద ఏడు మీటర్లు మిగిలాయి, అంటే మొదటి వరస పూర్తిగా, దాని చివరి చుట్ల మీద రెండో వరసవి ఆరు చుట్లు. ఆ ఆరు చుట్లు కింద ఉన్న 3.9 నుంచి 5.3 మీటర్ల భాగాన్ని 1,000 కిలోల బిగువుతో వేడి డ్రమ్‌కు అదిమి పెట్టాయి. కింద పెనం, పైన ఇస్త్రీ పెట్టె. మెరుపు ఉన్న భాగం, తెగిన చోటు రెండూ ఆ గీతల మధ్యే పడ్డాయి.

తర్వాతి పది రోజుల్లో చేసిన లాగుళ్లన్నీ చిన్నవి. పై రెండు వరసలు దాటి తాడు బయటికి రాలేదు, అందుకే దెబ్బ ఎవరికీ కనబడలేదు.

తాడు మందం మార్చితే లాగుడూ మారుతుంది

వించ్ మీద రాసిన 4,309 కిలోలు మొదటి వరసకే చెల్లుతుంది. వరస పెరిగే కొద్దీ తాడు డ్రమ్ మధ్య నుంచి దూరం జరుగుతుంది, లాగుడు తగ్గుతుంది. 8 మి.మీ. రోప్‌తో ఈ డ్రమ్ మీద నాలుగు వరసల్లో లాగుడు సుమారుగా 4,310, 3,610, 3,110, 2,730 కిలోలు. 10 మి.మీ. తాడుతో అదే 4,190, 3,400, 2,860, 2,460. బలమైన తాడు వేశామనుకున్నారు, నిజమే. కానీ అదే వించ్ పై వరసలో పది శాతం బలహీనపడింది. 28 మీటర్లు ఎక్కించడంతో నాలుగో వరస అంచుల దాకా నిండిపోయింది. ఒక పక్కకు కొంచెం పోగుపడితే తాడు అంచు దాటి గేర్ పెట్టె వైపు జారే స్థితి.

యాంకర్ దగ్గరగా, ఎనిమిది మీటర్లలో ఉంటే ఈ తేడా బాగా తెలుస్తుంది. డ్రమ్ మీద 20 మీటర్లు మిగిలే ఉంటాయి, నాలుగో వరసలో 2,460 కిలోలకే మోటారు ఆగిపోతుంది. పైన చెప్పిన 2,870 రాదు. స్నాచ్ బ్లాక్ వేసి తాడును బండికే తిప్పి కడితే 16 మీటర్లు బయటికి వస్తుంది, మూడో వరసలోకి దిగుతుంది, రెండింతలు కలిపి 5,700 చేరుతుంది. పుల్లీ రాపిడికి కొంత పోయినా సరిపోతుంది. యాంకర్ మీద మాత్రం ఒంటి తాడు లోడుకు దాదాపు రెట్టింపు పడుతుందని మరవకూడదు. చెట్టు పట్టీ, షాకిల్ ఆ లెక్కనే ఎంచాలి.

స్టీల్ వైపు కూడా ఒక లెక్క చూడాలి. 8 మి.మీ. 7×19 రోప్ తెగే బలం సుమారు 4,445 కిలోలు, వించ్ లాగేది 4,309. మధ్య ఉన్నది మూడు శాతం. చివర తెగితే యు-క్లిప్పులతో కన్ను (చివర వలయం) కడతారు. క్లిప్పుల కన్ను రోప్ బలంలో 80 శాతమే నిలుపుతుంది, అంటే 3,556. అప్పుడు ఆ వ్యవస్థలో అన్నిటికన్నా బలహీనమైనది ఆ కన్నే. క్లిప్పు కన్నుతో ఒంటి తాడు మీద పూర్తి లోడు లాగకూడదు అనేది అందుకే. ప్రెస్ చేసిన స్లీవ్ కన్ను వేయించే దాకా స్నాచ్ బ్లాక్‌తోనే నెట్టుకురావాలి.

ఏం మార్చారు

ముందు తిరిగి స్టీల్‌కు వెళ్లాలా అన్న ప్రశ్న వచ్చింది. ఈ బండి పని ఎక్కువగా బురద, చెట్టు యాంకర్లు, తరచూ చేత్తో తాడు లాక్కుని నడవడం. వాలు దింపడం ఏడాదికి రెండు మూడు సార్లే. ముక్కు మీద తొమ్మిది పది కిలోలు తగ్గడం కూడా తేడానే. కాబట్టి సింథటిక్‌నే ఉంచి, చుట్టూ ఉన్నవి మార్చారు.

తెగిన తాడులో మిగిలిన ముక్కను మళ్లీ వాడలేదు. మధ్య భాగంలో కోతలు ఉన్నాయి, లోపల ఇసుక ఉంది. అలాంటి తాడును గట్టిగా ఉన్నంత మేర కోసి ఎక్స్‌టెన్షన్‌గా ఉంచుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. మీటరు మీటరు ముక్కలుగా కోసేయడమే నయం, లేకపోతే ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు దానితో బండి లాగుతారు.

కొత్తది అదే 10 మి.మీ., కానీ డ్రమ్ మీద 18 మీటర్లే. మూడు వరసల్లోనే సర్దుకుంటుంది. విడిగా 15 మీటర్ల ఎక్స్‌టెన్షన్ తాడు సంచిలో ఉంటుంది, రెండు చివర్లా కళ్లు, సాఫ్ట్ షాకిల్‌తో (నారతో అల్లిన షాకిల్) కలుపుకోవడమే. ఇరవై మీటర్లు దాటి లాగాల్సి వచ్చేది తక్కువ. ఆ కొద్ది సందర్భాల కోసం రోజూ నాలుగో వరసలో బలహీనంగా లాగడం దండగ. వేడి తొడుగు ఈసారి మొదటి వరస మొత్తం కప్పేలా 5.5 మీటర్లు వేశారు. తొడుగు మందం వల్ల మొదటి వరసలో చుట్లు కొన్ని తగ్గుతాయి. 18 మీటర్లకు ఆపడానికి అదీ ఒక కారణం.

డ్రమ్‌ను వట్టిగా తిప్పి స్టీల్ రోప్ చేసిన గీతలన్నీ 120 నంబరు ఎమరీ కాగితంతో, తర్వాత 240తో నున్నగా చేశారు. తాడు చివర బిగించే స్క్రూ తల, దాని గుంట అంచు కూడా. పరీక్షకు దూది చాలు. డ్రమ్, అంచుల లోపలి ముఖాలు, ఫెయిర్‌లీడ్ మీద దూది ఉండను నొక్కి తిప్పాలి. ఒక్క పోగు చిక్కినా అక్కడ ఇంకా ముల్లు ఉన్నట్టే. రోలర్ల స్థానంలో గుండ్రటి అంచుల అల్యూమినియం హాస్ ఫెయిర్‌లీడ్ (రోలర్లు లేకుండా ఒకే రంధ్రం ఉన్న పలక) వచ్చింది. బోల్టు రంధ్రాల మధ్య దూరం రెండింటికీ సాధారణంగా 254 మి.మీ., కాబట్టి బంపర్‌లో కొత్త రంధ్రాలు అక్కర్లేదు. దీని మీదుగా ఇక ఎప్పుడూ స్టీల్ రోప్ లాగకూడదు. మెత్తటి అల్యూమినియంలో ఒక్క లాగుడుకే గాడి పడుతుంది, ఆ గాడి మళ్లీ సింథటిక్‌ను కోస్తుంది. స్నాచ్ బ్లాక్‌కూ ఇదే వర్తిస్తుంది. స్టీల్ రోప్ తిరిగిన పాత పుల్లీని స్టీల్ బండికి ఇచ్చేసి కొత్తది తీసుకున్నారు.

హుక్కు తీసేసి మూసిన ట్యూబ్ థింబుల్ (కన్ను లోపల తాడు అరగకుండా పెట్టే లోహపు వలయం) వేశారు. కన్ను స్ప్లైస్, అంటే ముడి లేకుండా తాడు చివరను దాని అల్లికలోకే దూర్చి కన్ను చేయడం, ఇలా:

1. చివర నుంచి 72 సెం.మీ. దగ్గర మొదటి గుర్తు. లోపల దూర్చే పొడవు తాడు వ్యాసానికి 72 రెట్లు, 10 మి.మీ.కి 72 సెం.మీ. అక్కడి నుంచి థింబుల్ చుట్టుకొలత కొలిచి రెండో గుర్తు.
2. థింబుల్‌ను ముందే తాడుకు ఎక్కించాలి. కన్ను మూశాక మూసిన థింబుల్ దూరదు.
3. రెండో గుర్తు దగ్గర అల్లికను ఆరు పేటలు అటు, ఆరు ఇటు విడదీసి, చివరను అందులోంచి మొదటి గుర్తు తగిలేదాకా లాగాలి. తర్వాత మొదటి గుర్తు దగ్గర అల్లిక తెరిచి, తాడు రెండో చివరను మొత్తంగా దాంట్లోంచి తీయాలి. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. తాడు డ్రమ్‌కు ఎక్కించక ముందే ఈ పని చేయడానికి కారణం ఇదే, రెండో చివర చేతిలో ఉండాలి.
4. తోక చివరి 24 సెం.మీ.లో ఒక్కో చోట ఒక్కో జత పేటలు కత్తిరిస్తూ ఎలుక తోకలా సన్నబరచాలి. ఒక్కసారిగా ఆగిపోయిన తోక దగ్గర తాడు మెట్టులా వంగుతుంది, అక్కడే తెగుతుంది.
5. తాడును గుత్తిగా వెనక్కి నెట్టి లావు చేసి, సూదితో తోకను లోపలికి లాగి, పై అల్లికను కన్ను వైపు నుంచి చేత్తో దువ్వుతూ బిగించాలి. అదే నార దారంతో అడ్డంగా కుట్లు వేస్తే లోడు లేనప్పుడు జారదు.

ముడి వేయొద్దు. ఈ నార జారుడుది, చాలా ముడులు లోడు కింద జారిపోతాయి. జారకుండా నిలిచినా బలం సగానికి పడిపోతుంది.

డ్రమ్‌కు చుట్టేటప్పుడు కనీసం 230 కిలోల బిగువు ఉండాలి. స్వల్పమైన ఎత్తులో బండిని న్యూట్రల్‌లో ఉంచి, దాని బరువుతోనే తాడు చుట్టుకునేలా లాగితే సరిపోతుంది. చుట్టు పక్కన చుట్టు, సందు లేకుండా. వదులుగా చుట్టిన తాడు మీద పూర్తి లోడు పడితే పై చుట్టు కింది చుట్ల మధ్యకు చీలుకొని దిగిపోతుంది. అప్పుడు 'అవుట్' నొక్కినా తాడు బయటికి రాదు, లోపలే వెనక్కి చుట్టుకోవడం మొదలవుతుంది. మొదటి గట్టి లాగుడు తర్వాత మొత్తం విప్పి మరోసారి చుట్టారు.

వేడి విషయంలో పెట్టుకున్న కట్టుబాట్లు రెండు. తాడు బయటికి లాగాలంటే క్లచ్ వదిలి చేత్తోనే, మోటారుతో కాదు. లోడు లేకుండా మోటారుతో వదిలినా డ్రమ్ లోపలి బ్రేక్ రాసుకుంటూనే ఉంటుంది. వాలు దింపాల్సి వస్తే లో రేంజ్ మొదటి గేరులో ఇంజన్ బ్రేకింగ్ మీదే బండి దిగాలి, తాడు పట్టు కోసమే. మూడు మీటర్లకోసారి ఆగి డ్రమ్ అంచును ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడాలి. 60 డిగ్రీలు చూపితే చల్లారేదాకా ఆగడమే. మెరిసే లోహం మీద ఆ పరికరం నిజం కన్నా బాగా తక్కువ చూపిస్తుంది, అందుకే డ్రమ్ అంచు మీద నల్ల మ్యాట్ పెయింట్ చుక్క పెట్టి దాని మీదే కొలుస్తున్నారు. దింపడమే రోజువారీ పని అయితే ఇవన్నీ పడేబదులు బ్రేక్‌ను డ్రమ్‌కు బయట పెట్టిన వించ్ కొనడమో, స్టీల్ వేసుకోవడమో మేలు.

రెండో బండి స్టీల్‌తోనే ఎందుకు ఉంది

ఇదే బృందంలో మరో బండికి అదే వించ్, అదే రోలర్ ఫెయిర్‌లీడ్. అది తిరిగేది పదునైన రాళ్ల మీద, తాడు ప్రతిసారీ ఏదో ఒక అంచును రాసుకుంటుంది, దింపుడు పని కూడా ఎక్కువ. దానికి స్టీల్ తీయాలన్న ఆలోచన వచ్చి ఆగింది. నిర్వహణ మాత్రం మారింది.

తడిసిన ప్రతిసారీ మొత్తం విప్పి, గుడ్డతో తుడిచి, వైర్ రోప్‌కు వాడే పల్చటి నూనె పూస్తారు. గ్రీజు వద్దు, ఇసుకను పట్టి ఉంచుతుంది. తనిఖీ కూడా గుడ్డతోనే, తోలు చేతొడుగు వేసుకుని గుడ్డను రోప్ పొడవునా లాగితే తెగిన తీగ ఎక్కడుందో అక్కడ చిక్కుతుంది. వట్టి చేత్తో ఆ పని చేస్తే తీగ అరచేతిలో దిగుతుంది. క్రేన్ల ప్రమాణాల్లో ఒక పురి పొడవులో (పేట రోప్ చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరిగే మేర) ఆరు తీగలు, లేదా ఒకే పేటలో మూడు తెగితే రోప్ మార్చాలి. అక్కడ రోప్‌కు మిగులు బలం చాలా ఉంటుంది, ఇక్కడ మూడు శాతమే కాబట్టి, ఈ బండికి మూడు తెగినా మార్చాలని నిర్ణయించారు. కొంకీ తిరిగి మడత పడిన రోప్‌ను సుత్తితో సరిచేసి వాడకూడదు. మడత పోయినట్టు కనిపిస్తుంది, లోపలి తీగలు అప్పటికే సాగిపోయి ఉంటాయి. పేటలు పంజరంలా ఉబ్బితే కూడా అంతే.

క్లిప్పులు వేయాల్సి వస్తే 8 మి.మీ.కి కనీసం రెండు, వీలుంటే మూడు. 13 సెం.మీ.కి తగ్గకుండా రోప్ వెనక్కి మడవాలి. నట్లు 41 న్యూటన్ మీటర్లకు బిగించాలి, మొదటి లోడు తర్వాత మరోసారి. క్లిప్పు సాడిల్ (యు-బోల్టు కాళ్లు దూరే దిమ్మ) లోడు మోసే రోప్ మీద, యు-బోల్టు తోక మీద పడాలి. తిరగేసి వేస్తే యు-బోల్టు లోడు మోసే తీగలనే నలిపేస్తుంది. డ్రమ్ మీద కనీసం ఐదు చుట్లు మిగలాలి. స్టీల్‌కైనా సింథటిక్‌కైనా లోడు మోసేది ఆ చుట్ల రాపిడే, డ్రమ్‌లోని స్క్రూ కాదు.

సింథటిక్ బండి, ఆరు నెలల తర్వాత

తాడును నీళ్లలో నానబెట్టి, చేత్తో పిసుకుతూ కడిగి, నీడలో ఆరబెడుతున్నారు. ప్రెషర్ వాషర్ దగ్గర పెట్టి కొడితే ఇసుక బయటికి రాకపోగా లోపలికి పోతుంది. వాడనప్పుడు వించ్ మీద కవర్ ఉంటోంది. రంగు వెలిసింది గానీ రంగు పూత మాత్రమే, దాన్ని చూసి తాడును తీసేయనక్కర్లేదు. పక్కపక్కన రెండు పేటలు తెగితే, అల్లిక మందంలో నాలుగో వంతు అరిగితే, లేదా కరిగి గట్టిపడిన మచ్చ ఒక్కటి కనిపించినా అక్కడిదాకా కోసి కొత్త స్ప్లైస్, కోయడానికి పొడవు చాలకపోతే కొత్త తాడు.

మొదటి వరస దాకా విప్పి చూశారు. తొడుగు కింద తాడు మెత్తగా, వంగుతూ ఉంది. డ్రమ్ మీద నమోదైన గరిష్ఠ వేడి 48 డిగ్రీలు. మధ్య భాగంలో నూగు సన్నగా, సమంగా ఉంది, కోతలు లేవు. థింబుల్ దగ్గర మాత్రం 20 సెం.మీ. మేర ఒక పేట రాయికి చెదిరింది. జారే తొడుగు ఆ రోజూ చివరకు జారి ముద్దగా పడే ఉంది. దాని రెండు చివర్లకూ బిగుతు తాళ్లు కట్టి, చెదిరిన భాగంతో సహా పాత స్ప్లైస్‌ను కోసేసి కొత్తది వేశారు. డ్రమ్ మీద తాడు ఇప్పుడు 16 మీటర్లు.